మూర్ఖత్వం – సారా వేలంపాట

మూర్ఖుణ్ణి మార్చలేమనే మాట మన సాహిత్యంలో చాలా పాతది. ఏనుగు లక్ష్మణకవి తెలుగు చేసిన భర్తృహరి నీతిశతకంలో మొదటి పద్ధతే మూర్ఖపద్ధతి. ఇటలీ ఆర్థిక చరిత్రకారుడు కార్లో చిపొల్లా 1976లో మానవ మూర్ఖత్వానికి సూత్రాలు కడుతూ ఒక వ్యంగ్య వ్యాసం రాశాడు. మూర్ఖుల సంఖ్య మన అంచనాకు ఎప్పుడూ మించే ఉంటుందనీ, దానికి చదువుతో సంబంధం లేదనీ, తాను లాభపడకుండా ఎదుటివాడికి నష్టం కలిగించేవాడే మూర్ఖుడనీ అతని వాదన. ఇద్దరికీ కాలం వేరు, దేశం వేరు. కానీ మూర్ఖత్వం మనిషి స్వభావంలోనే ఉందన్నచోట ఇద్దరూ కలుస్తారు. ఈ నమ్మకాన్ని నెల్లూరు జిల్లా పడమటి మెట్ట చరిత్రతో పరీక్షించి చూడాలని నా ప్రయత్నం.

ఉదయగిరి, ఆత్మకూరు మెట్టపల్లెలు ప్రధానంగా వాననీ చెరువునీ నమ్ముకున్నవి. కూలి దొరికితేనే పొయ్యి వెలిగే ఇళ్ళలో, ఆ కూలి డబ్బులు పొద్దుగూకేసరికి సారా దుకాణం చేరేవి. తాగినవాడికీ నష్టమే, పెళ్ళాం బిడ్డలకూ నష్టమే. చిపొల్లా నిర్వచనానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదనిపిస్తుంది. కూలివాణ్ణి మూర్ఖుడని తేల్చి ఇక్కడే ఆగిపోయిన రచనలు మనకు తక్కువేమీ లేవు.

అయితే ఈ వ్యవహారంలో లాభపడినవాడు ఎవడూ లేడా? దుకాణం దానంతటది మొలవలేదు. వేలంలో పాట పాడుకున్న కంట్రాక్టరు ఉన్నాడు. అతని వెనుక ప్రభుత్వం ఉంది. 1980లలో 'వారుణి వాహిని' పేరుతో సారాను ప్యాకెట్లలో నింపి పల్లెలకు పంపింది ప్రభుత్వమే. రాష్ట్రంలో ఎక్సైజు రాబడి 1970-71లో 39 కోట్ల రూపాయలు. 1991-92 నాటికి 812 కోట్లు. ఇరవై ఏళ్ళలో మనిషి స్వభావం అన్ని రెట్లు చెడిపోయిందని ఎవరూ అనరు. పెరిగింది సరఫరా. ఒక మూర్ఖత్వం సమాజమంతటా వ్యాపించిందంటే, దాన్ని వ్యాపింపజేసే ప్రయోజనం ఎక్కడో ఉందన్నమాట.

1991 జనవరిలో జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. రాత్రి బడుల్లో చదివిన 'సీతమ్మ కథ' సారాను ఎదిరించిన ఆడదాని కథ. ఉదయగిరి నియోజకవర్గంలో కలిగిరి మండలం దూబగుంట స్త్రీలు దాన్ని పాఠంగా వదిలెయ్యలేదు. తమ ఊళ్ళో సారా దుకాణం మూయించారు. వారిలో వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. దూబగుంట కథే తర్వాత 'ఆడవాళ్ళు ఏకమైతే' అనే పాఠమైంది. అక్షరాలు వాళ్ళకు కొత్తగా తెలివి ఇచ్చాయనుకోవడం పొరపాటు. సారా ఏం చేస్తుందో వాళ్ళకు ముందే తెలుసు. ఎవరింట్లో వాళ్ళు ఏడ్చిన ఏడుపును నలుగురిలో కూర్చుని చెప్పుకునే చోటు రాత్రి బడి ఇచ్చింది. చిపొల్లా లెక్కకు అందనిది ఇదే. అతను మనిషిని ఒంటరిగా నిలబెట్టి తూచాడు.

1992లో జిల్లాలో సారా వేలంపాటలు పదేపదే వాయిదా పడ్డాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషిద్ధమైంది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. 1997లో ప్రభుత్వమే దాన్ని సడలించింది. స్త్రీలు మళ్ళీ మూర్ఖులైపోయారా? కాదు. ఖజానాకు మళ్ళీ డబ్బు కావలసివచ్చింది. అప్పటికి ఉద్యమంలో మొదటి ఉధృతి లేదు. చట్టం చేశాక చైతన్యంతో పని లేదనుకోవడమే ఈ చరిత్రలో అసలైన అవివేకం.

మూర్ఖత్వం లేదని నేననడం లేదు. ఉంది, హాని చేస్తుంది. కానీ జనాన్ని మూర్ఖులుగా చిత్రించే రచయిత, ఆ మూర్ఖత్వానికి వేలంపాట పాడినవాడెవడో కూడా పాఠకుడికి చూపాలి. అది చూపకుండా నవ్వించే కథ, ఎంత బాగా రాసినా, కంట్రాక్టరు పక్షానే నిలుస్తుంది.