జన నాట్యమండలి: గొంగడి, డప్పు, వంత

2024 జనవరిలో తెల్లాపూర్‌లో ప్రజా గాయకుడు గద్దర్ విగ్రహం పెట్టడానికి తెలంగాణ ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) స్థలం ఇచ్చింది. పాత మెదక్ జిల్లా గడ్డ మీద ఆ విగ్రహం ఉండటం న్యాయమే. గద్దర్‌గా మారిన గుమ్మడి విఠల్ రావు సొంతూరు తూప్రాన్. ఆయన్ని పాటలోకి దింపిన బి. నరసింగరావుది ప్రజ్ఞాపూర్. రెండూ ఈ జిల్లావే. కానీ విగ్రహం ఒక్క మనిషిదే అవుతుంది. ఆ గొంతు వెనక వంత పాడినవాళ్లు, డప్పు కొట్టినవాళ్లు, అడుగు కలిపినవాళ్లు ఉన్నారు. వాళ్లందరి పేరు జన నాట్యమండలి. తెలుగు పాట చరిత్రలో అంతకాలం, అంతమందిలోకి వెళ్లిన బృందాలు చాలా తక్కువ. దాని రాజకీయాల మీద పుటలకు పుటలు రాశారు. సంగీతం మీద రాసింది తక్కువ.

ఈ బృందం శూన్యంలోంచి పుట్టలేదు. 1943లో మొదలైన ప్రజా నాట్యమండలి బుర్రకథను ఉద్యమ వేదిక ఎక్కించింది. షేక్ నాజర్ చేతిలో అది పెద్ద కళ అయింది. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో సుద్దాల హనుమంతు ఊరి బాణీల్లో పాటలు కట్టాడు. శ్రీకాకుళంలో సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథ చెప్పేవాడు. 1969 డిసెంబరులో ఆయన ప్రాణం పోయింది, కథ చెప్పే పద్ధతి మిగిలింది. నరసింగరావు నడిపిన ఆర్ట్ లవర్స్ బృందంలోంచి 1972లో జన నాట్యమండలి రూపుకట్టేనాటికి ఈ పెట్టుబడి అంతా సిద్ధంగా ఉంది.  అప్పుడే చేలల్లో కూలీలు పాడుకునే బాణీలను వెతికి పట్టుకునే పని మొదలైంది.

ఆ పనిలోనే బృందం అసలు గొప్పతనం ఉందని నా నమ్మకం. నాట్ల పాట, బతుకమ్మ పాట, ఒగ్గు కథ, వీధి భాగోతం, బిడ్డను ఊపే జోల, శవం దగ్గర ఏడ్పు, అన్నీ తీసుకున్నారు. బాణీ ఊరిదే, మాట కొత్తది. విన్నవాడికి రాగం ముందే తెలుసు కాబట్టి రెండో చరణానికే గొంతు కలిపేవాడు. గద్దర్ పాట మధ్యలో ఆగి వచనం చెప్పేవాడు, ఎవరినో అమ్మా అని పిలిచేవాడు, మళ్లీ పల్లవి అందుకునేవాడు. ఆ సందులో వంతలు లయ తప్పనిచ్చేవాళ్లు కాదు. బుర్రకథలో కథకుడికీ వంతలకూ ఉన్న లెక్కే ఇది.

వేదిక దగ్గర చూస్తే సరంజామా ఎంత తక్కువో తెలుస్తుంది. భుజాన గొంగడి, నడుముకు పంచె, కాళ్లకు గజ్జెలు, చేతిలో కర్ర. ఆ కర్ర ఒక పాటలో తుపాకీ, ఇంకో పాటలో నాగలి. ఆట మొదలయ్యే ముందు పక్కన గడ్డి మంట వేసి డప్పు కాచేవాళ్లు. తోలు బిగిసి మోత కంగున పలికేదాకా తిప్పి తిప్పి కాచి, అప్పుడు వాయించే పుల్లలు, సిర్ర, సిటికెన పుల్ల, అందుకునేవాళ్లు. ఊళ్లో చావుకీ చాటింపుకీ కట్టేసిన వాయిద్యాన్ని వేలమంది ముందు నిలబెట్టి ముఖ్య వాద్యం చేయడం మామూలు సంగతి కాదు. డప్పు రమేష్ లాంటి వాళ్లకు ఆ వాయిద్యమే ఇంటి పేరైంది.

ఉత్తరాంధ్ర నుంచి వంగపండు ప్రసాదరావు వచ్చి చేరాడు. విశాఖ షిప్‌యార్డులో పనిచేసిన మనిషి. యంత్రం ఎవరి చెమటతో నడుస్తుందో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆయన యాస, జముకు వరస కలిశాక బృందం తెలంగాణ హద్దు దాటింది. ఫ్యాక్టరీ మీద ఆయన కట్టిన పాట పటాన్‌చెరు, రామచంద్రాపురం కార్మికులకూ సరిగ్గా సరిపోతుంది.

1980లో విడుదలైన ‘మా భూమి’ సినిమాను గౌతమ్ ఘోష్ తీశాడు. నరసింగరావు నిర్మాతల్లో ఒకరు. సాయుధ పోరాట కాలపు కవి బండి యాదగిరి పాటను తెర మీద గద్దర్ పాడాడు. ఆ ఒక్క పాటతో బృందం గొంతు సభలకు రానివాళ్ల ఇళ్లలోకీ వెళ్లింది. తర్వాత క్యాసెట్లు ఆ పని చేశాయి.

1984లో గద్దర్ కెనరా బ్యాంకు ఉద్యోగం వదిలాడు. 1985లో కారంచేడులో దళితుల ఊచకోత జరిగింది. ఆ నెత్తురు మీద కట్టిన పాటలు బృందాన్ని కులం ప్రశ్న ముందు నిలబెట్టాయి. అప్పటిదాకా ఎక్కువగా దొర మీద పాడిన గొంతు అంటరానితనం గురించి నేరుగా మాట్లాడింది. ఆ వెంటనే గద్దర్ అజ్ఞాతంలోకి వెళ్లాడు. 1990 ఫిబ్రవరిలో గద్దర్ బయటికి వచ్చినప్పుడు నిజాం కాలేజీ మైదానం జనంతో నిండిపోయింది. రెండేళ్లకే, బృందం వెనకున్న నక్సలైట్ పార్టీ పీపుల్స్‌వార్ మీద నిషేధం వచ్చింది. 1997 ఏప్రిల్ 6న అల్వాల్ ఇంట్లో గద్దర్ మీద కాల్పులు జరిగాయి. ఒక తూటా చివరిదాకా ఒంట్లోనే ఉంది.

పాటకు వేటు ఇక్కడే పడలేదు. అమెరికాలో జానపద గాయకుడు పీట్ సీగర్ ఉన్న వీవర్స్ బృందాన్ని కమ్యూనిస్టులన్న ముద్రతో 1950ల మొదట్లో వేదికలు వెలివేశాయి. 1952లో విడిపోయి, 1955లో కార్నెగీ హాల్‌లో మళ్లీ కలిసి పాడారు. మన బృందానికి అలాంటి పునఃకలయిక దక్కలేదు. కొందరు ఎన్‌కౌంటర్లలో పోయారు, కొందరు దూరమయ్యారు. బృందం పలచబడేకొద్దీ గద్దర్ ఒక్కడే కనిపించసాగాడు. పాట కూడా మారింది. వంతల జవాబు తగ్గి, ఒక్క గొంతు ప్రసంగం పెరిగింది. ఆయన అభిమానిగా చెబుతున్నాను, ఆ లోటు చెవికి తెలిసేది.

అయినా పద్ధతి చావలేదు. 2002 నుంచి ఊరూరా జరిగిన ధూంధాం అనే ఆటపాటల సభల్లో గొంగడి, గజ్జె, డప్పు, వంత అన్నీ తిరిగి వచ్చాయి. తెలంగాణ ఉద్యమ పాటకు ఆ వేదిక నడక నేర్పింది జన నాట్యమండలే. వంగపండు 2020 ఆగస్టు 4న, గద్దర్ 2023 ఆగస్టు 6న వెళ్లిపోయారు. ఇప్పుడు రాష్ట్ర సినిమా అవార్డులకు గద్దర్ పేరు ఉంది.

ఇక కావలసింది ఆ పాటల భాండారం. క్యాసెట్లలో టేపుకు బూజు పడుతోంది, చిన్న పాటల పుస్తకాల పుటలు రాలుతున్నాయి, వంత పాడినవాళ్లు ముసలివాళ్లయ్యారు. ఏ పాటకు ఏ ఊరి బాణీ తీసుకున్నారో వాళ్లకే తెలుసు. విశ్వవిద్యాలయాలు ఇప్పుడే వెళ్లి ఆ గొంతులు రికార్డు చేయాలి. మీ ఇంటి అటక మీద జన నాట్యమండలి క్యాసెట్ ఉంటే పారేయకండి. డిజిటల్‌లోకి మార్పించి, దాని మీద ఉన్న పేర్లన్నీ, వంతల పేర్లతో సహా, రాసి దాచండి.