పేద పల్లెల్లో బడుల పోలిక: మార్కులు చెప్పేదెంత?

ఒకే పల్లెలో ప్రభుత్వ, ప్రైవేటు పాఠశాలలు రెండూ ఉన్నచోట మార్కులను పక్కపక్కన పెట్టి ఏది మెరుగో తేల్చడం పరిపాటి. అయితే రుసుము చెల్లించగలిగిన కుటుంబాల పిల్లలు ఒకవైపు, చెల్లించలేని వారి పిల్లలు మరోవైపు చేరుతారు. ఆ మార్కుల్లో బడి కృషి ఎంత, ఇంటి స్థితిగతుల ప్రభావం ఎంత అన్నది విడిగా కనిపించదు.

ఈ చిక్కును విడదీసేందుకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 180 గ్రామాల్లో 2008లో ఒక అధ్యయనం మొదలైంది. ప్రైవేటు బడిలో చేరేందుకు దరఖాస్తు చేసుకున్న ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులలో కొందరిని లాటరీ ద్వారా ఎంపిక చేసి ఉపకార వేతనాలు ఇచ్చారు. ఎంపికైనవారు, కానివారు ఒకే రకమైన కుటుంబాల నుంచి వచ్చినవారే కనుక పోలిక న్యాయంగా నిలిచింది. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2015లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, నాలుగేళ్ల తర్వాత కూడా తెలుగు, గణితాల్లో ఇరువర్గాల సగటు మార్కుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటు బడికి వెళ్లినవారు బాగా ముందున్నారు. ప్రభుత్వ ప్రాథమిక తరగతుల్లో ఆ భాష బోధించనే లేదు కాబట్టి అది ఆశ్చర్యమేమీ కాదు. విశేషమేమిటంటే, ప్రైవేటు బడులు తెలుగు, గణితాలకు తక్కువ సమయమే కేటాయించాయి. ఒక్కో విద్యార్థిపై వాటి వ్యయం ప్రభుత్వ వ్యయంలో మూడో వంతు కంటే తక్కువ. అంటే ఈ అధ్యయనం ఏ ఒక్క పక్షానికీ పూర్తి విజయం కట్టబెట్టలేదు.

పిల్లల సంఖ్య తక్కువగా ఉన్నచోట మరో ఇబ్బంది ఎదురవుతుంది. పదిమంది ఉన్న తరగతిలో ఒక్కరు తప్పితే ఉత్తీర్ణత పది శాతం పడిపోతుంది. పనుల కోసం వలస వెళ్లిన ఒక్క కుటుంబం ఏడాది ఫలితాన్నే తలకిందులు చేయగలదు. 2016-17 గణాంకాల ప్రకారం దేశంలోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో దాదాపు 28 శాతం బడుల్లో 30 మంది కంటే తక్కువ విద్యార్థులున్నారని 2020 జాతీయ విద్యావిధానం పేర్కొంది. ఇటువంటి బడులకు ఒక్క ఏడాది ఫలితాల ఆధారంగా ర్యాంకులు ఇవ్వడం సమంజసం కాదు. కనీసం మూడు, నాలుగేళ్ల సగటు చూడాలి. అదే విద్యార్థి నిరుడు ఎక్కడున్నాడు, ఇప్పుడు ఎక్కడికి చేరాడన్నది అంతకంటే నమ్మదగిన కొలమానం.

గ్రామీణ విద్యా స్థితిపై 'అసర్' సర్వే ఇందుకే బడి రికార్డులను కాక ఇంటింటికీ వెళ్లి పిల్లల పఠన సామర్థ్యాన్ని పరీక్షిస్తుంది. ప్రభుత్వ బడుల్లో రెండో తరగతి పాఠం చదవగలిగిన మూడో తరగతి పిల్లలు 2022లో 16.3 శాతం కాగా, 2024లో 23.4 శాతానికి పెరిగారు. అయితే ఈ సర్వే జిల్లా, రాష్ట్ర స్థాయి చిత్రాన్నే ఇస్తుంది. ఫలానా గూడెంలోని బడి ఎలా ఉందో దాని నుంచి చెప్పలేం.

ఈ తేడా ముఖ్యమైనది. ఫలితాలు, హాజరు తగ్గాయన్న కారణంతో చిన్న బడిని విలీనం చేస్తే, వాగు దాటి నడవాల్సింది ఆరేళ్ల పిల్లలే. ప్రాథమిక పాఠశాల నివాసానికి ఒక కిలోమీటరు నడక దూరంలో ఉండాలని విద్యాహక్కు చట్టం కింద కేంద్రం రూపొందించిన నిబంధనలు చెబుతున్నాయి.