గండికోట సందర్శన: కోట ఒకచోట, ఆధారాలు పలుచోట్ల

కడప జిల్లా జమ్మలమడుగుకు పశ్చిమంగా సుమారు 15 కి.మీ. దూరంలో, ఎర్రమల కొండలను చీల్చుకొని పెన్నానది ప్రవహించేచోట గండికోట ఉంది. నది కొండకు కొట్టిన గండివల్లనే కోటకు ఆ పేరు వచ్చింది. నేడు సందర్శకులలో అత్యధికులు వచ్చేది ఆ లోయ అంచున నిలబడి సూర్యోదయం చూడటానికే. 2024లో కేంద్ర ప్రభుత్వం ఇక్కడి పర్యాటకాభివృద్ధికి సుమారు 78 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. రానున్న కాలంలో రద్దీ పెరుగుతుంది. ఈ సందర్భంలో చరిత్ర విద్యార్థులను కోటకు తీసుకువెళ్లే అధ్యాపకుడు దేనిని ముందు చూపాలి, దేనిని తరువాత చూపాలి అన్నది ఆలోచించవలసిన విషయం. కోట ఉన్నచోట దాని ఆధారాలన్నీ లేవు.

మొదటి చిక్కు నిర్మాణ కాలంతోనే ఎదురవుతుంది. కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆహవమల్ల సోమేశ్వరుని సామంతుడైన కాకరాజు 1123లో ఈ కోటను కట్టించాడని కైఫియతు సంప్రదాయం. పర్యాటక గ్రంథాలన్నీ ఈ వాక్యాన్నే తిప్పి తిప్పి రాస్తున్నాయి. ఆహవమల్ల బిరుదాంకితుడైన మొదటి సోమేశ్వరుడు 1068లోనే మరణించాడు. 1123లో కల్యాణి సింహాసనంపై ఉన్నవాడు అతని కుమారుడు ఆరవ విక్రమాదిత్యుడు. కనుక సంవత్సరమైనా తప్పు కావాలి, రాజు పేరైనా తప్పు కావాలి. కైఫియతులు మెకంజీ కాలంలో, అంటే ఘటన జరిగిన ఏడు శతాబ్దాల తరువాత, సేకరించినవి. అందువల్ల వాటిని త్రోసిపుచ్చనక్కరలేదు గాని, ఆ సంవత్సరాన్ని శాసన ప్రమాణంతో సమానంగా పాఠంలో చెప్పడం సరికాదు. నేడు కోటలో కనిపించే మాధవరాయ, రంగనాథ ఆలయాల శిల్పరీతి విజయనగర కాలానిది. అది పెమ్మసాని నాయకుల ఏలుబడిని గుర్తుచేస్తుంది తప్ప చాళుక్యులను కాదు.

ఇందుకు భిన్నంగా 1652వ సంవత్సరానికి కంటితో చూసినవాని సాక్ష్యం ఉంది. ఆ ఏడు గోల్కొండ సేనాని మీర్ జుమ్లా కోటను పట్టుకున్నాడు. కొద్దిరోజులకే, సెప్టెంబరులో, ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే అతనిని కలవడానికి ఇక్కడికి వచ్చాడు. కొండపైకి ఒకే దారి ఉందని, అది 20, 25 అడుగుల వెడల్పుతో మొదలై కొన్నిచోట్ల ఏడెనిమిది అడుగులకు కుంచించుకుపోతుందని, పక్కనే అగాధమని అతడు రాశాడు. కొండమీద చిన్న మైదానం, ఊటలతో తడిసే వరి, చిరుధాన్యాల పొలాలు ఉన్నాయని కూడా చెప్పాడు. ముట్టడిని తట్టుకోవడంలో గోడలకంటే ఈ తిండిగింజలు, నీరే ఎక్కువ పనిచేసి ఉండాలి. కోటలోని ధాన్యాగారాన్ని, కోనేటిని చూసేవారు ఈ వర్ణన చదివి వెళితే వాటి అర్థం మారిపోతుంది.

టావెర్నియే చెప్పిన మరొక సంగతి బాధాకరమైనది. మీర్ జుమ్లా కొలువులోని క్లోద్ మయ్యె అనే ఫ్రెంచివాడు ఫిరంగులు పోతపోయడానికి గుడులలోని లోహ విగ్రహాలను సేకరించి కరిగించాడు. గండికోట ఆలయంలోని ఆరు విగ్రహాలు మాత్రం ఎంతకూ కరగలేదట. చివరకు అతడు ఒక్క ఫిరంగి కూడా పూర్తిచేయలేకపోయాడట. కరగకపోవడం అనే భాగంలో విన్న కథ ఎంతో, చూసింది ఎంతో వేరుచేయడం కష్టం. అయితే ఆయుధాల కోసం విగ్రహాలు పోగుచేశారన్న మాటను అనుమానించడానికి కారణం కనిపించదు. మాధవరాయ ఆలయ గర్భగుడి నేడు శూన్యంగా ఉంది.

ఇటలీలోని మిలాన్ నగరపు స్ఫోర్జా కోటలో ఈ ఇబ్బంది లేదు. సైనిక స్థావరంగా మిగిలిన ఆ కోటను 19వ శతాబ్ది చివర లూకా బెల్‌త్రామి పునరుద్ధరించగా, మ్యూజియంలు దాని గదులలోనే వెలిశాయి. సందర్శకుడు ఒకే ద్వారం గుండా రెండింటినీ చూస్తాడు. అక్కడా ఒక మెలిక ఉంది. ప్రధాన ద్వారంపై గోపురం 1521లో మందుగుండు పేలి కూలింది. ఇప్పుడున్నది 1905లో ఊహించి తిరిగి కట్టినది. గండికోటలో శిథిలం శిథిలంగానే ఉంది, కాని చుట్టుపక్కల శిల్పసంపద చెదిరిపోయింది. పెన్నా ఒడ్డునే ఉన్న దానవులపాడులో 20వ శతాబ్ది తొలినాళ్ల తవ్వకాలలో జైన అవశేషాలు బయటపడ్డాయి. శాంతినాథుని అభిషేకానికి రాష్ట్రకూట నిత్యవర్షుడు, అంటే మూడవ ఇంద్రుడు, పీఠం చేయించినట్లు అక్కడి శాసనం చెబుతుంది. ఆ శిల్పాలలో కొన్ని మద్రాసు మ్యూజియంకు చేరాయి, కొన్ని కడప భగవాన్ మహావీర్ ప్రభుత్వ మ్యూజియంలో ఉన్నాయి. కడపలోని ఈ మ్యూజియం 1982లో ఏర్పడింది. పరిసర గ్రామాలలో దొరికిన పురావస్తువులకు మైలవరం జలాశయం వద్ద మరొక మ్యూజియం ఉంది.

కాబట్టి ప్రయాణాన్ని కడప మ్యూజియంతో ఆరంభించడం ఉచితం. రెండోరోజు ప్రొద్దుటూరులో బస ఉంటే ఎర్రగుంట్ల దగ్గరి కలమళ్ల చెన్నకేశవాలయానికి వెళ్లవచ్చు. క్రీ.శ. 575 ప్రాంతానిదిగా భావించే రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు తెలుగు శాసనం ఆ ఊరిదే. పులివెందుల నుంచి వచ్చేవారు ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు చేరతారు. వారు కలమళ్లను తిరుగు ప్రయాణానికి ఉంచుకోవచ్చు. దానవులపాడు, మైలవరం చూశాక మధ్యాహ్నం దాటి కోట ఎక్కితే, లోయకంటే ముందు జుమ్మా మసీదు, ధాన్యాగారం, దేవుడులేని మాధవరాయ గర్భగుడి చూడటానికి తగినంత వెలుతురు ఉంటుంది.