క్యాసియో ఎస్‌కె-1

క్యాసియో ఎస్‌కె-1 అనునది జపాను దేశానికి చెందిన క్యాసియో సంస్థ 1980వ దశకం మధ్యలో విడుదల చేసిన ఒక చిన్న ఎలక్ట్రానిక్ వాద్యం. దీనికి 32 చిన్నమీటలు ఉంటాయి. బ్యాటరీలతో పనిచేస్తుంది కనుక ఎక్కడికైనా తీసుకువెళ్ళి, ఒడిలో పెట్టుకొని వాయించవచ్చు. బయటి శబ్దాన్ని మైకు ద్వారా గ్రహించి, ఆ శబ్దాన్నే వేర్వేరు స్వరాలలో పలికించడం దీని ప్రత్యేకత. ఈ ప్రక్రియను శాంప్లింగ్ అంటారు. అంతకు ముందు పెద్ద స్టూడియోలకు, ధనికులైన సంగీతకారులకు మాత్రమే అందుబాటులో ఉన్న శాంప్లింగ్‌ను సామాన్య గృహాలకు చేర్చిన వాద్యాలలో ఇది ముఖ్యమైనది.

ముఖ్య వివరాలు

* తయారీదారు: క్యాసియో (జపాను)
* మీటలు: 32, చిన్న పరిమాణం
* ఒకేసారి పలికే స్వరాలు: 4
* శాంప్లింగ్: 8 బిట్లు, 9.38 కిలోహెర్ట్జ్
* నమూనా నిడివి: సుమారు 1.4 సెకన్లు
* విద్యుత్తు: 5 చిన్న బ్యాటరీలు లేదా అడాప్టరు

నేపథ్యం

క్యాసియో సంస్థకు మూలమైన చిన్న కర్మాగారాన్ని తదావో కషియో 1946లో టోక్యోలో స్థాపించాడు. కషియో సోదరులు నలుగురూ కలిసి 1957లో విద్యుత్తుతో పనిచేసే 14-ఎ అనే గణన యంత్రాన్ని విడుదల చేశారు. 1970వ దశకంలో కాలిక్యులేటర్లు, డిజిటల్ గడియారాల తయారీ ద్వారా ఈ సంస్థ ప్రసిద్ధి చెందింది. సోదరులలో ఒకడైన తోషియో కషియోకు సంగీతంపై ఉన్న ఆసక్తి కారణంగా సంస్థ వాద్యాల తయారీలోకి ప్రవేశించింది. 1980లో క్యాసియోటోన్ 201 అనే మొదటి కీబోర్డు వెలువడింది. కాలిక్యులేటర్ల తయారీలో గడించిన అనుభవం, అంటే అనేక పనులను ఒకే చిప్పులో ఇమిడ్చి ధర తగ్గించే నేర్పు, వాద్యాల తయారీలోనూ ఉపయోగపడింది.

అదే కాలంలో శాంప్లింగ్ చాలా ఖరీదైన వ్యవహారం. ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో పీటర్ వోగెల్, కిమ్ రైరీ రూపొందించిన ఫెయిర్‌లైట్ సి.ఎం.ఐ. (1979) ధర పదుల వేల డాలర్లలో ఉండేది. అమెరికాకు చెందిన ఈ-మ్యూ సంస్థ వారి ఎమ్యులేటర్ (1981) దానికంటే చవకైనా, దాని ధర కూడా వేల డాలర్లలోనే ఉండేది. 1984లో వచ్చిన ఎన్సోనిక్ మిరాజ్ ధరను రెండువేల డాలర్ల లోపుకు తెచ్చింది. ఎస్‌కె-1 ధర మాత్రం నూరు డాలర్లకు అటూ ఇటూగా ఉండేది. నాణ్యతలో పై వాద్యాలతో దీనికి పోలిక లేకపోయినా, చేసే పని మౌలికంగా ఒక్కటే. అమెరికాలో ఇదే వాద్యాన్ని రేడియో షాక్ దుకాణాలు రియలిస్టిక్ కన్సర్ట్‌మేట్-500 అనే పేరుతో విక్రయించాయి.

నిర్మాణం

సాధారణ పియానోలో ఒక స్థాయి మీటల వెడల్పు సుమారు 16.5 సెంటీమీటర్లు. ఎస్‌కె-1 మీటలు అంతకంటే బాగా చిన్నవి. అందువలన రెండున్నర స్థాయిలకు పైగా స్వరాలు చిన్న పెట్టెలో ఇమిడినవి. చిన్న చేతులు గల పిల్లలకు ఇది అనుకూలం. అయితే పెద్దల వేళ్ళకు మీటలు ఇరుకుగా ఉంటాయి. దీనిపై సాధన చేసినవారు పియానో మీటలకు మారినప్పుడు దూరాలను తిరిగి అలవాటు చేసుకోవలసి వస్తుంది. మీటను ఎంత బలంగా నొక్కినా శబ్ద తీవ్రత మారదు.

ముందుగా అమర్చిన ధ్వనులు ఎనిమిది: పియానో, ట్రంపెట్, మానవ స్వరం, పైప్ ఆర్గాన్, బ్రాస్ బృందం, వేణువు, సింథ్ డ్రమ్ములు, జాజ్ ఆర్గాన్. ఇవి కాక ఒక ఆధార స్వరానికి అనుస్వరాలను తగుపాళ్ళలో కలిపి సొంత ధ్వనిని తయారుచేసుకొనే సదుపాయం కూడా ఉంది. ధ్వని ఎలా మొదలై, ఎలా నిలిచి, ఎలా అంతరించాలో నిర్ణయించడానికి 13 రకాల ఆకృతులు ఉన్నవి. తాళ వాద్యాల వరుసలు, వాయించిన స్వరాలను గుర్తుంచుకొనే సదుపాయం దీనిలోని ఇతర అంశాలు. ప్రదర్శన కొరకు "టాయ్ సింఫనీ" అనే పాశ్చాత్య రచనను ఇందులో అమర్చారు.

శాంప్లింగ్ పనిచేసే విధానం

శబ్దం గాలిలో కలిగే ఒత్తిడి మార్పు. వాద్యంలోని మైకు ఈ మార్పును విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. ఎస్‌కె-1 ఆ సంకేతాన్ని సెకనుకు సుమారు 9,380 సార్లు కొలుస్తుంది. 8 బిట్ల కొలత కాబట్టి ప్రతి కొలత 256 మెట్లలో ఏదో ఒకదానికి సర్దుబాటు అవుతుంది. 1.4 సెకన్లకు సుమారు 13,000 కొలతలు జ్ఞాపకంలో నిలుస్తాయి. ఆడియో సీడీలో ఈ కొలతలు సెకనుకు 44,100, మెట్లు 65,536.

ఒక శబ్దాన్ని సరిగా పట్టాలంటే దాని పౌనఃపున్యానికి రెట్టింపు కంటే ఎక్కువ సార్లు కొలవాలి. కనుక ఎస్‌కె-1 సుమారు 4.7 కిలోహెర్ట్జ్ పైనున్న శబ్దాలను పట్టలేదు. మాటను నమోదు చేసినప్పుడు అచ్చులు స్పష్టంగానే వినిపించినా, "స" వంటి ఊష్మాక్షరాలు మొద్దుబారడానికి ఇదే కారణం.

నమోదైన శబ్దాన్ని వేగంగా చదివితే శృతి పెరుగుతుంది, నెమ్మదిగా చదివితే తగ్గుతుంది. పన్నెండు స్వరస్థానాలలో ఒక్కొక్క మెట్టు ఎక్కినపుడు చదివే వేగం సుమారు 6 శాతం పెరుగుతుంది. పన్నెండు మెట్లు ఎక్కేసరికి వేగం రెండింతలై, 1.4 సెకన్ల శబ్దం 0.7 సెకన్లలోనే ముగుస్తుంది. "అమ్మా" అనే పిలుపును నమోదు చేసి పై స్థాయిలో పలికిస్తే పసిపాప గొంతులా, కింది స్థాయిలో పలికిస్తే సాగదీసిన బొంగురు గొంతులా వినిపిస్తుంది. మూడు మీటలు కలిపి నొక్కితే మూడు పిలుపులూ ఒకేసారి మొదలై, వేర్వేరు క్షణాలలో ఆగిపోతాయి.

పరిమితులు

జ్ఞాపకంలో ఒక్క నమూనాకే చోటు ఉంటుంది. కొత్త శబ్దాన్ని నమోదు చేసిన వెంటనే పాతది చెరిగిపోతుంది. డిస్కు వంటి వాటిలో భద్రపరచే వీలు లేదు. విద్యుత్తు పూర్తిగా తొలగిపోతే జ్ఞాపకంలోని నమూనా కూడా పోతుంది. కాబట్టి దానితో వాయించిన సంగీతాన్ని నిలుపుకోవాలంటే వేరే టేపు రికార్డరులో నమోదు చేసుకోవలసిందే.

సర్క్యూట్ బెండింగ్

సంగీతం పలికే ఆటవస్తువులను విప్పి, లోపలి బిందువులను తీగలతో ఇష్టానుసారం కలిపి, తయారీదారులు ఊహించని ధ్వనులను రాబట్టడాన్ని సర్క్యూట్ బెండింగ్ అంటారు. అమెరికాకు చెందిన రీడ్ ఘజాలా 1960వ దశకంలో ఈ పద్ధతిని మొదలుపెట్టి, 1992లో దానికి ఈ పేరు పెట్టాడు. ఈ ప్రయోగాలకు ఎక్కువగా వాడబడిన వాద్యాలలో ఎస్‌కె-1 ఒకటి. జ్ఞాపక చిప్పుకు వెళ్ళే తీగలను కలిపినపుడు వాద్యం కొలతలను తప్పు వరుసలో చదువుతుంది. ఫలితంగా ధ్వని ముక్కలై, వింత రూపాలు పొందుతుంది. ఒకప్పుడు పిల్లల కోసం కొన్న వాద్యం ఈ విధంగా ప్రయోగాత్మక సంగీతకారుల పనిముట్టు అయింది. అయితే ఇలా మార్చిన వాద్యం పాడైపోయే అవకాశం కూడా ఉంది. ఇటువంటి ప్రయోగాలను బ్యాటరీలతో నడిచే పరికరాలపై మాత్రమే చేయాలి. ఇంటి విద్యుత్తుకు కలిపి ఉన్న పరికరాన్ని విప్పడం ప్రాణాపాయం.

తరువాతి వాద్యాలు

1987లో వచ్చిన ఎస్‌కె-5లో నాలుగు నమూనాలకు చోటు కల్పించారు. చిన్నమీటల పద్ధతి ఆటవస్తువులతో ఆగిపోలేదు. 2002లో కోర్గ్ సంస్థ విడుదల చేసిన మైక్రోకోర్గ్, 2011లో స్వీడన్‌కు చెందిన టీనేజ్ ఇంజనీరింగ్ సంస్థ విడుదల చేసిన ఓపి-1, 2015లో యమహా విడుదల చేసిన రీఫేస్ వాద్యాలు వృత్తి సంగీతకారులను ఉద్దేశించినవి. వీటిలో ఓపి-1 శాంప్లింగ్ కూడా చేయగలదు.

తెలుగునాట

తెలుగు రాష్ట్రాలలో చిన్న ఎలక్ట్రానిక్ కీబోర్డును, అది ఏ సంస్థ తయారుచేసినదైనా, "క్యాసియో" అని పిలవడం వాడుకలో ఉంది. కర్ణాటక సంగీతం వాయించదలచినవారికి ఇటువంటి వాద్యాలలో హార్మోనియంలో ఉన్న ఇబ్బందే ఎదురవుతుంది. మీట పలికేది ఒక్క స్థిరమైన స్వరాన్నే కాబట్టి గమకాలు పలకవు. ఎస్‌కె-1లో ఒక స్వరం నుండి మరొక స్వరానికి జారే సదుపాయం, స్వరాన్ని కంపింపజేసే సదుపాయం ఉన్నాయి. జారుడు వినడానికి గమకాలలోని "జారు"ను కొంత పోలి ఉన్నా, దాని వేగం వాయించేవారి వేలి అదుపులో ఉండదు. కాబట్టి ఇది గమకానికి ప్రత్యామ్నాయం కాలేదు.

ఇవి కూడా చూడండి

* సింథసైజరు
* హార్మోనియం
* పియానో
* గమకము