ఒంగోలు బాప్టిస్టు మిషను: కరవు సాయం చరిత్ర

ఒంగోలు బాప్టిస్టు మిషను తెలుగునేల మీద పేదలకు అండగా నిలిచిన మత సంస్థలలో ప్రత్యేకంగా చెప్పుకోదగినది. అమెరికాలోని బాప్టిస్టు సంఘాలు, అంటే స్వయంగా విశ్వాసం ప్రకటించినవారికే బాప్తిస్మం ఇచ్చే క్రైస్తవ సమాజాలు, తమ సభ్యుల చందాలతో పంపిన శామ్యూల్ డే 1836లో తెలుగు ప్రాంతానికి చేరి, 1840లో నెల్లూరులో మిషను నెలకొల్పినా, చాలాకాలం ఫలితం స్వల్పంగానే ఉండడంతో దానిని మూసివేయాలన్న ప్రతిపాదన పలుమార్లు వచ్చింది. 1866లో అమెరికన్ మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలు చేరాక పరిస్థితి మారింది. అయితే ఈ మార్పుకు దొరల బోధన కంటే, ఆ ఏడాదే బాప్తిస్మం పొందిన యర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగ పెద్దలు తమవారి పల్లెల్లో చేసిన ప్రచారమే ముఖ్య కారణమని గుర్తించాలి.

ధాత నామ సంవత్సరంలో మొదలైనందున ధాత కరవుగా పేరుపడిన 1876–78 నాటి క్షామంలో, ప్రభుత్వ సహాయ పనులలో మగ కూలీకి రోజుకు సుమారు 450 గ్రాముల ధాన్యం, ఒక అణా చొప్పున 1877లో నిర్ణయించిన కూలి ప్రాణం నిలపడానికే చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ అప్పుడే విమర్శించాడు. సర్వే విద్య తెలిసిన క్లౌ ఈ దశలో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో సుమారు అయిదున్నర కిలోమీటర్ల మేర కాంట్రాక్టు తీసుకుని, తన తెలుగు బోధకులనే మేస్త్రీలుగా నియమించాడు. అంటరానివారిని తిట్టి, కొట్టి, కూలి కోసే తనిఖీదారుల స్థానంలో తమ పల్లెలవారే ఉండడం, బిచ్చం కాక చేసిన పనికి కూలి దొరకడం, ఈ సాయానికి ప్రాణమని చెప్పాలి.

కూటికోసం మతం మారారన్న మాట రాకుండా, సాయం సాగినన్నాళ్లూ క్లౌ బాప్తిస్మాలు ఆపివేశాడు. ఆపై 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. చచ్చిన గొడ్డు మాంసం తినడం, జాతరల్లో డప్పు కొట్టడం మానినందుకు వీరు ఆసాముల ఆగ్రహానికి గురై పనులు కోల్పోయినప్పుడు మిషను పూర్తిగా కాపాడలేకపోయింది. కరవు సాయం కన్నా ఎక్కువ కాలం నిలిచినవి పల్లె బడులు, 1872లోనే రామాయపట్నంలో వెలసిన బోధకుల శిక్షణాలయం.

ఒకప్పుడు సాయం అందుకున్న సంఘాలే తరువాత ఇతరులకు చేయందించాయి: 1903లో తెలుగు బాప్టిస్టు సంఘాలు తామే పూనుకుని, దక్షిణాఫ్రికాలోని నేటాల్ తోటల్లో ఒప్పంద కూలీలుగా ఉన్న తెలుగువారి కోసం నెల్లూరు నుంచి జాన్ రంగయ్యను మిషనరీగా పంపాయి.