ఇంగ్లండు పల్లెలలో బీదల పోషణము, న్యాయసభలు
(18వ శతాబ్దము)

ఇంగ్లండు దేశమునందలి ప్రాచీన గ్రామ దేవాలయములు కొన్నింటిలో ఓక్ కఱ్ఱతో చేసిన బరువైన పెట్టె యొకటి నేటికిని కానవచ్చును. 17వ శతాబ్దారంభమున ఏర్పడిన చర్చి నిబంధనల ప్రకారము ఆ పెట్టెకు మూడు తాళములుండవలెను. ఒక తాళపుచెవి మతగురువు వద్దను, తక్కిన రెండును చర్చి ధర్మకర్తల వద్దను ఉండును. ముగ్గురును కూడిననే గాని పెట్టె తెఱవబడదు. జనన మరణ వివాహములకు సంబంధించిన పుస్తకములతో పాటు బీదలకిచ్చిన సొమ్ము పద్దులును, న్యాయాధికారుల ఉత్తరువులును, అనాథ బాలుర ఒప్పంద పత్రములును అందు భద్రపఱుపబడినవి. రాజుల చరిత్రలో చోటు దొరకని సామాన్యుల జీవితములు ఆ కాగితములలో నిలిచియున్నవి. 18వ శతాబ్దమున ఆ దేశపు పల్లెలలో బీదవాడు ఎట్లు బ్రదికెనో, వాని విషయమున న్యాయము ఎట్లు జరిగెనో వాని వలననే తెలియుచున్నది.

ఈ ఏర్పాటున కంతకును మూలము ఎలిజబెత్తు రాణి కాలమున 1601లో చేయబడిన శాసనము. ఒక దేవాలయమునకు చెందిన గ్రామమో, కొన్ని పల్లెల సముదాయమో ‘పారిష్’ అనబడును. ఇంగ్లండు, వేల్సులలో ఇట్టి పారిష్‌లు సుమారు 15,000 ఉండెను. ప్రతి పారిష్ తన బీదలను తానే పోషింపవలెనని ఆ శాసనము విధించెను. వృద్ధులకును, రోగులకును, అంగహీనులకును జీవనము కల్పించుట, పనిచేయగల వారికి పని చూపుట, దిక్కులేని పిల్లలను ఏదేని వృత్తిలో ప్రవేశపెట్టుట అను మూడు విధులు గ్రామముపై పడినవి. ఇందులకు కావలసిన ధనము ఆ గ్రామమున భూములును ఇండ్లును అనుభవించువారి నుండి పన్నుగా వసూలు చేయబడెను. దానికి ‘బీదల పన్ను’ అని పేరు.

పన్ను వసూలు చేసి పంచు ఉద్యోగికి ‘బీదల ఓవర్సీయరు’ అని పేరు. రోడ్లను, కట్టడములను చూచు ఓవర్సీయరు మనకు తెలిసినవాడే, ఇతడు వేరు. గ్రామమున కలిగిన గృహస్థులలో ఇద్దరు మొదలు నలుగురిని ప్రతి సంవత్సరము ఈస్టరు పండుగ సమయమున న్యాయాధికారులు ఈ పనికి నియమించుచుండిరి. జీతము లేదు. కాదనుటకు వీలును లేదు. రైతో, పిండిమర యజమానియో, దుకాణదారుడో తన పని మానుకొని సంవత్సరమంతయు ఈ బరువు మోయవలసివచ్చెను. సంవత్సరాంతమున లెక్క ఒప్పజెప్పి, న్యాయాధికారుల చేత సంతకము చేయించుకొని, పుస్తకమును తరువాతి వాని కప్పగించును. తాను వడ్డించు సొమ్ము తన ఇరుగుపొరుగు వారిదే గనుక చేయి వదలుగా ఉన్నచో పన్ను చెల్లించువారు కోపింతురు. బిగించినచో ఆకలిగొన్నవాడు వాకిట నిలుచును.

గ్రామ న్యాయసభలు పలు తరగతులుగా నుండెను. అన్నిటికన్న క్రిందిది మేనర్ కోర్టు, అనగా భూస్వామి పేర జరుగు సభ. కౌలుభూమి తండ్రి నుండి కుమారునికి మాఱునపుడు కొత్తవాని పేరు పట్టీలో వ్రాయుట, బంజరులో గుడిసె వేసినవానిపై అపరాధము విధించుట, ఉమ్మడి బీడులో ఎవరు ఎన్ని పశువులను మేపవచ్చునో నిర్ణయించుట దాని పనులు. దానిపైన ‘జస్టిస్ ఆఫ్ ది పీస్’ అను న్యాయాధికారి. 1732 నాటి శాసనము ప్రకారము సంవత్సరమునకు నూఱు పౌండ్ల రాబడి గల భూమి ఉన్నవానికే ఈ పదవి దక్కును; దీనికిని జీతము లేదు. చిన్న తగవులను అతడు తన ఇంటి చావడిలోనే విచారించును. కొన్ని పనులకు ఇద్దరు న్యాయాధికారులు కూడవలెను. ఇట్టి కూటములు ‘పెట్టీ సెషన్సు’గా రూపొంది, తఱచు సత్రములలో జరుగుచుండెను. సంవత్సరమునకు నాలుగు మార్లు జిల్లా న్యాయాధికారులందఱును కూడు సభ ‘క్వార్టరు సెషన్సు’. క్రింది ఉత్తరువులపై అప్పీళ్లు అచ్చట వినబడును.

ఈ న్యాయాధికారులలో పలువురు న్యాయశాస్త్రము చదువనివారు. వారికి తోడ్పడుటకై వెస్ట్‌మోర్లండులోని ఆర్టన్ గ్రామపు మతగురువును, తానును న్యాయాధికారియునగు రిచర్డ్ బర్న్ 1755లో అక్షరక్రమమున ఒక గ్రంథమును ప్రకటించెను. అది అనేక ముద్రణములు పొంది, ఇంచుమించు ప్రతి న్యాయాధికారి బల్లపైనను చేరెను. ఒక పల్లెటూరి గురువు వ్రాసిన పుస్తకము దేశమంతటి గ్రామ న్యాయమునకు దారి చూపెను.

బీదలకు చేయబడిన సహాయమెట్టిదో పద్దులు చూచిన తెలియును. వితంతువునకు వారమువారము కొన్ని పెన్నీలు, వృద్ధునికి జత జోళ్లు, చలికాలమున వంటచెఱకు, ఇంటి అద్దె, బాలింతకు మంత్రసాని కూలి, రోగికి వైద్యుని ఖర్చు, తుదకు దిక్కులేని శవమునకు పెట్టెయు, గోయి త్రవ్వినవాని కూలియు. మనుష్యుని పుట్టుక మొదలు చావు వరకు గ్రామము చేయిచాచిన తీరు ఆ చిన్న పంక్తులలో కనబడుచున్నది. ఓవర్సీయరు సహాయము నిరాకరించినచో బీదవాడు న్యాయాధికారి కడకు పోయి ప్రమాణపూర్వకముగా మొఱ పెట్టుకొనవచ్చును. న్యాయాధికారి పిలిపించి కారణమడిగినపుడు ఓవర్సీయరు సమాధానము చెప్పవలెను. కూలివాడు తన గ్రామపెద్దపై ఫిర్యాదు చేసి గెలువగల మార్గమొకటి ఉండుట ఆ కాలమున సామాన్య విషయము కాదు.

ససెక్సు మండలమున ఈస్ట్ హోత్లీ అను గ్రామమున థామస్ టర్నరు అను దుకాణదారుడుండెను. అతడు 1754 మొదలు 1765 వరకు వ్రాసిన దినచర్య నేటికిని నిలిచియున్నది. అతడు ఓవర్సీయరుగను, చర్చి ధర్మకర్తగను పనిచేసెను. గ్రామసభలలో పెద్దల కలహములు, బీదలకు వలసిన సరుకులు తన దుకాణమునుండి ఇచ్చుట, న్యాయాధికారుల సంతకములకై గుఱ్ఱమెక్కి తిరుగుట అన్నియు అందు కనబడును. అట్టి సాధారణ గృహస్థుని చేతిమీదుగనే ఇంత పెద్ద ధర్మకార్యము నడచెను.

అయితే ఈ ధర్మమునకు పొలిమేర యొకటి కలదు. తన బీదలను తాను పోషింపవలెనన్నపుడు ‘ఎవరు మా బీదలు?’ అను ప్రశ్న పుట్టక తప్పదు. 1662 నాటి స్థిరనివాస శాసనము దీనికి కఠినమైన సమాధానమిచ్చెను. సంవత్సరమునకు పది పౌండ్లకు తక్కువ అద్దె గల ఇంట చేరిన క్రొత్తవానిని, నలువది దినములలోపల ఫిర్యాదు వచ్చినచో, ఇద్దరు న్యాయాధికారులు అతని వెనుకటి గ్రామమునకు పంపివేయవచ్చును. తరువాతి శాసనములు ఒక సంవత్సరము పూర్తిగా కొలువు చేసిన అవివాహితునకును, వృత్తి నేర్చుకొన్నవానికిని ఆ గ్రామమున హక్కు కలిగించినవి. అంతట పన్నునకు వెఱచిన రైతులు పాలేరును ఏబదియొక్క వారములకే కుదుర్చుకొనుట మొదలిడిరి! ఒక్క వారము తక్కువగుటచే ఆ పాలేరు వృద్ధాప్యమున అచ్చట అన్నమడుగు హక్కును కోలుపోయెను.

స్త్రీల గతి మఱింత దుర్భరము. భార్యకు భర్త గ్రామమే గ్రామము. భర్త చనిపోయిన పిమ్మట, తానెన్నడును చూడని అతని పుట్టినయూరికి పిల్లలతో కూడ ఆమెను బండిలో పంపిన సందర్భములు కలవు. పెండ్లికాని స్త్రీ గర్భవతియైనచో ఆ బిడ్డ పుట్టిన గ్రామమే దానిని పోషింపవలెను గనుక, ప్రసవమునకు ముందే ఆమెను పొలిమేర దాటింప ఓవర్సీయర్లు తొందరపడుచుండిరి. 1733 శాసనము ప్రకారము ఆమె ప్రమాణము చేసి పేర్కొన్న పురుషుడు జామీను ఈయవలెను. లేనిచో చెఱసాలకు పోవలెను. ఒక నిరుపేదను ఏ గ్రామము పోషింపవలెనను విషయమై రెండు గ్రామములు క్వార్టరు సెషన్సులో వ్యాజ్యమాడుట తఱచుగ జరిగెను. ఆ బీదకు పెట్టవలసిన రొట్టె వెలకన్న వకీళ్ల రుసుమే ఎక్కువైన సమయములు లేకపోలేదు. బర్న్ 1764లో ప్రకటించిన మఱియొక గ్రంథమున ఇట్టి ఓవర్సీయర్ల నడవడిని చేదైన వ్యంగ్యముతో విమర్శించెను.

అవమానము మఱియొక రూపమున కూడ వచ్చెను. 1697 శాసనము ప్రకారము సహాయము పొందువారు కుడిభుజముపై ఎఱ్ఱనిదో నీలిదో గుడ్డతో ‘పి’ అను అక్షరమును, దానితో గ్రామము పేరిటి మొదటి అక్షరమును ధరింపవలెను. అన్ని పల్లెలలోను ఇది ఒకే తీరున అమలు జరుగలేదు గాని, 1810 వరకు శాసన గ్రంథమున నిలిచియుండెను. 1723లో వచ్చిన శాసనము గ్రామములు ‘వర్క్‌హౌస్’లు పెట్టుకొనుటకు అనుమతించెను. అందు చేర నిరాకరించినవానికి సహాయము మానివేయవచ్చును. 1776 నాటికి ఇట్టి శ్రమశాలలు సుమారు రెండువేలు ఏర్పడినవి. 1782లో గిల్బర్టు పేర వచ్చిన శాసనము కొంత కరుణ చూపెను. పలు గ్రామములు కూడి ఒక గృహమును నిర్మించి, అందు వృద్ధులను, రోగులను, పిల్లలను మాత్రమే ఉంచి, పనిచేయగల వారికి ఇంటి దాపుననే పని చూపవలెనని అది నిర్దేశించెను.

ఇంతలో బీదవానికి ఉన్న ఇతర ఆధారములు ఒక్కొక్కటిగా తొలగుచుండెను. ఉమ్మడి బీడులకు కంచెలు వేయబడి, ఆవును మేపుకొను చోటు లేకపోయెను. కోతలైన పొలమున పరిగ ఏరుకొనుట అనాదిగా బీద స్త్రీల ఆచారము. సఫక్ మండలమున టింవర్త్ గ్రామములో 1787లో పరిగ ఏరినందుకు మేరీ హౌటన్ అను స్త్రీపై స్టీల్ అను భూమిగలవాడు వ్యాజ్యము తెచ్చెను. 1788లో లండనులోని న్యాయమూర్తులు ముగ్గురు, ఇట్టి హక్కు దేశ సామాన్య న్యాయమున లేదని తీర్పు చెప్పిరి; నాల్గవవాడగు గౌల్డ్ మాత్రము బీదల పక్షమున నిలిచెను. తీర్పు వచ్చినను అనేక పల్లెలలో పరిగ ఏరుట ఆగలేదు. ఆచారము శాసనముకన్న గట్టిదయ్యెను.

1795లో ధాన్యము ప్రియమై, కూలిడబ్బులు రొట్టెకు చాలకపోయెను. ఆ సంవత్సరము మే 6వ తేదీన బర్క్‌షైరు న్యాయాధికారులు స్పీన్‌హామ్‌లాండు గ్రామమున పెలికన్ సత్రములో సమావేశమై, రొట్టె వెలను బట్టి కుటుంబమునకు కావలసిన కనీసాదాయమును నిర్ణయించిరి. సుమారు ఎనిమిదిన్నర పౌనుల రొట్టె ఒక షిల్లింగు అమ్మునపుడు పురుషునికి వారమునకు మూడు షిల్లింగులు, భార్యకును ప్రతి బిడ్డకును ఒకటిన్నర షిల్లింగు ఉండవలెను. అనగా ముగ్గురు బిడ్డలు గల సంసారమునకు తొమ్మిది షిల్లింగులు. రొట్టె వెల పదునాఱు పెన్నీలైనచో అది పదునొకండు షిల్లింగుల నాలుగు పెన్నీలగును. కూలివలన వచ్చిన దానిని మినహాయించి, తక్కువైన దానిని బీదల పన్నునుండి ఇచ్చుచుండిరి. ఇది ఆకలిని ఆపెను; కాని చాలని కూలిని గ్రామమే పూరించునని తెలిసిన యజమాని కూలి పెంచుట కేల తొందరపడును? ఈ విషయమై చరిత్రకారులు నేటికిని వాదించుచునే యున్నారు. అదే సంవత్సరమున వచ్చిన మఱియొక శాసనము, సహాయము అడుగనంతవరకు ఎవ్వరిని గ్రామమునుండి తఱుమరాదని విధించెను. కూలివాండ్రకు అది గొప్ప ఊరట.

1776లో దేశమున బీదల పోషణకైన వ్యయము సుమారు పదునైదు లక్షల పౌండ్లు. 1803 నాటికి అది నలువది లక్షలను మించెను. పన్ను చెల్లించువారి ఫిర్యాదులు పెరిగి, 1834లో క్రొత్త శాసనము వచ్చెను. పోషణభారము గ్రామము చేతినుండి జారి పెద్ద సమితులకు పోయెను. కఠినమైన శ్రమశాలలు వెలసినవి.

ఈ చరిత్రకును తెలుగునేలకును ఒక సంబంధము కలదు. 1876–78 నాటి ఘోరక్షామమున బళ్లారి, కర్నూలు, కడప మండలములు అలమటించినపుడు, ఆంగ్ల ప్రభుత్వోద్యోగియగు సర్ రిచర్డ్ టెంపుల్ సహాయపు పనులలోని కూలిని ధాన్యరూపమున దినమునకు ఒక పౌను ప్రమాణమునకు తగ్గించెను. 1880 నాటి క్షామ విచారణ సంఘము, క్షామమున సహాయము కోరుట హక్కని ఒప్పుకొన్నచో ప్రజలు ఎల్లకాలమును దానిని హక్కుగా అడుగుదురని సంశయించెను. తమ దేశమున 1601 నుండియు శాసనముచే బీదవానికి కల్పించిన ఆధారమును ఈ దేశపు రైతుకూలీకి కల్పించుటకు పాలకులు వెనుదీసిరి.

ఆంగ్ల గ్రామముల ఈ వృత్తాంతమున దయయు, పిసినిగొట్టుతనమును ఒకే పుస్తకమున ఎదురెదురు పుటలుగా కనబడుచున్నవి. వితంతువునకు జోళ్లు కొనియిచ్చిన చేయియే గర్భిణిని పొలిమేర దాటించిన ఉత్తరువును పట్టుకొనెను. తనవారని తలచిన వారియెడ గ్రామము తల్లివలె నుండెను. పరులని తలచిన వారియెడ తలుపు మూసెను. ధర్మము నిలుచుటకు ఉదారహృదయము చాలదు. అడుగుటకు హక్కును, వినుటకు న్యాయస్థానమును, వ్రాసి ఉంచుటకు లెక్కయు ఉండవలెను. ఆ మూడును ఉండుటచేతనే మేరీ హౌటన్ వంటి సామాన్యురాలి పేరు కూడ కాలగర్భమున కలియక నిలిచెను. మూడు తాళముల పెట్టెలో ఆనాటి గ్రామస్థులు దాచిన కాగితములు వారి మంచిని, చెడును దాపఱికము లేక నేటివారికి చెప్పుచున్నవి. గ్రామ గ్రంథాలయముల బీరువాలలో చేరు నేటి లెక్కలును, తీర్మానములును రేపటివారికి అట్టి సాక్ష్యములే యగును.