మీసాలాయన భుజం మీద చీర

మా మేనల్లుడికి పద్నాలుగేళ్లు. నల్లగొండలో ఉంటాడు. పోయిన దసరాకి వెళ్లినప్పుడు ఫోన్ పట్టుకొచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"మామా, ఒక మూడు వందలు కొట్టవా? స్కిన్ కొనుక్కుంట."

ఫోన్లో ఆడే కాల్పుల ఆట అది. అందులో దుకాణం ఉంది. ఒక గుండ్రటి తిన్నె మీద ఒక వీరుడు నిలబడి మెల్లగా తిరుగుతున్నాడు. వెనకనుంచి వెలుతురు. గడ్డం పైకెత్తి ఉంది. పొడుగాటి కోటు గాలికి లేస్తోంది.

"ఆ కోటు ఎట్ల లేస్తుందో చూడు మామా."

చూశాను, బాగానే ఉంది. తర్వాత వాడు ఇదివరకు కొన్న ఇంకో స్కిన్ వేసుకుని ఆట మొదలుపెట్టాడు. ఇలాంటి ఆటల్లో కెమెరా మనిషి వెనక ఉంటుంది. అరగంట ఆడితే ఆ అరగంటా వాడికి కనిపించింది తన బొమ్మ వీపే.

"మరి ముఖం ఎప్పుడు కనిపిస్తదిరా?"

"షాపుల కనిపిస్తది కద."

వంటింట్లోంచి మా అక్క గొంతు వినిపించింది. "ఇయ్యకు తమ్మీ. బొమ్మను చూసి కొనుడు ఈ ఇంట్ల ఒక్కరికి సాలు."

ఆ ఒక్కరు ఎవరో నాకు తెలుసు. వాడికి తెలియదు. ఈ వ్యాసం ఒకరకంగా వాడికోసమే.

* * *

నేనూ ఒకసారి స్కిన్ కొని మోసపోయినవాణ్నే. 2008 ప్రాంతంలో, ఇంజనీరింగ్ చదువుతున్నప్పుడు, హాస్టల్ నెట్ మీద సెకండ్ లైఫ్‌లో తిరిగేవాణ్ని. 2003లో లిండెన్ ల్యాబ్ అనే అమెరికన్ కంపెనీ తెరిచిన లోకం అది. గెలవడం, ఓడటం ఉండవు. ఊరికే తిరగొచ్చు, ఇల్లు కట్టుకోవచ్చు, వస్తువులు తయారుచేసి లిండెన్ డాలర్లకు అమ్ముకోవచ్చు. అందులో బాగా నడిచిన బేరాల్లో ఒకటి చర్మాల బేరం.

ఇక్కడ కొంచెం సాంకేతిక విషయం చెప్పాలి. ఆ లోకంలో మన శరీరం రెండు వేరువేరు సరుకులు. ఒకటి షేప్: ఎత్తు, దవడ, నడుము, ముక్కు, ఇవన్నీ అంకెలు. రెండోది స్కిన్: ఆ ఆకారానికి చుట్టే చిత్రం. తలకొకటి, పై శరీరానికొకటి, కింది శరీరానికొకటి, మొత్తం మూడు. చెంప కింది నీడ, కళ్ల కింది గీత, కండల మెరుపు అన్నీ ఆ చిత్రంలోనే గీసేసి ఉంటాయి.

దుకాణం గోడ మీద పోస్టర్లో ఒకడున్నాడు. వాణ్ని చూసి కొన్నాను. వేసుకున్నాను. వాడి దవడ కోసం గీసిన నీడ నా దవడ మీద తప్పుచోట పడింది. నాలుగు రోజులుగా ముఖం కడుక్కోనివాడిలా ఉన్నాను. అప్పుడు తీరిగ్గా చూస్తే పోస్టర్ కింద చిన్న అక్షరాల్లో ఉంది, షేప్ ఇందులో రాదని. నాకు నచ్చింది ఆ ఆకారం, ఆ వెలుతురు, ఫొటోకి చేసిన మెరుగులు. ఈ మూడిట్లో ఏదీ అమ్మకానికి లేదు.

ఇంకో సంగతి అప్పుడు పట్టించుకోలేదు. అదే స్కిన్ ఆరేడు రంగుల్లో దొరికేది. పోస్టర్ నిండా ఉన్నది తెల్లవాడు. నా రంగు కింద అగ్గిపెట్టెంత గడిలో ఉంది.

అనుభవం ఉన్నవాళ్లు అలా కొనరు. ముందు డెమో తీసుకుంటారు. ముఖానికి అడ్డంగా 'డెమో' అని అచ్చు కొట్టి ఉన్న చర్మం. చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది. కానీ అది మన దవడ మీద, మన ముక్కు మీద ఎలా ఉందో ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది.

* * *

అమ్మే బట్టకి ఒక ఒళ్లు తొడిగి చూపించడం పాత విద్యే. పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల్లో ఫ్రాన్స్‌నుంచి యూరప్ రాజాస్థానాలకు బొమ్మలు వెళ్లేవి. కొత్త ఫ్యాషన్ దుస్తులు కుట్టి తొడిగిన ఆ బొమ్మల్ని పండోరాలు అనేవాళ్లు. 1850ల్లో ఛార్లెస్ ఫ్రెడరిక్ వర్త్ పారిస్‌లో తనతో పనిచేసే మరీ వెర్నే చేత బట్టలు తొడిగించి కొనేవాళ్ల ముందు నడిపించాడు. ఆమె అతని భార్య కూడా. పంతొమ్మిదో శతాబ్దం చివరికి పెద్ద పెద్ద అద్దాల కిటికీలు, కరెంటు దీపాలు వచ్చాయి. వాటి వెనక మైనపు బొమ్మలు నిలబడ్డాయి, గాజు కళ్లతో, నిజమైన జుట్టుతో. వేడికి వాటి ముఖాలు మెత్తబడేవి. మానెక్విన్ అన్న మాట డచ్ భాషనుంచి వచ్చింది. దాని అర్థం 'చిన్న మనిషి'.

ఇదంతా కుట్టిన బట్ట కథ. కుట్టిన బట్టకి కొలత ఉంటుంది. దానికి లోపల ఒళ్లు లేకపోతే అది కూలబడిపోతుంది, అందుకని బొమ్మ కావాలి. చీరకి ఆ అవసరం లేదు. అది అయిదున్నర మీటర్ల బట్ట. మడతలోనూ అది చీరే.

మా అమ్మమ్మ వాళ్లది గద్వాల దిక్కు. మూట నెత్తిన పెట్టుకుని చీరలాయన ఊళ్లోకి వచ్చేవాడట. మంచం మీద పరిచేవాడు. గద్వాల చీరకి నడిమి భాగం నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ రెండూ మగ్గం మీదే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. అమ్మమ్మ చెయ్యి ముందు ఆ కలిసే చోటుకే పోయేదట. తిప్పి వెనకనుంచి చూసేది. గట్టిగా లాగేది. నారాయణపేట గళ్ల చీరైతే వేలు తడిపి అంచు మీద రుద్ది రంగు దిగుతుందేమో చూసేది. కొంగు అందం గురించి మాట్లాడ్డం ఆ తర్వాతే.

(ఇప్పుడు గద్వాలకి ఒక జిల్లా, నారాయణపేటకి ఒక జిల్లా. పోచంపల్లి యాదాద్రి భువనగిరిలో ఉంది. మా ఇంట్లో మాత్రం ఇంకా పాలమూరు, నల్లగొండే.)

మా అమ్మ కాలానికి దుకాణాలు. కింద పరుపులు, వాటి మీద తెల్ల దుప్పట్లు. చెప్పులు విడిచి కూర్చోవాలి. సేల్స్‌మన్ ఒక చీర విసిరితే అది మన ముందు తెరుచుకుంటుంది. ఏదైనా కాస్త నచ్చినట్టు కనిపిస్తే చాలు, ఆయన లేచి నిలబడి కుచ్చిళ్లు పట్టి తన చొక్కా మీదే కట్టి, కొంగు భుజం మీద వేసుకునేవాడు. యాభై ఏళ్లు, బొర్ర, మీసాలు, జేబులో పెన్ను. చిన్నప్పుడు మా అక్కా నేనూ నవ్వు ఆపుకోలేకపోయేవాళ్లం.

చీర చూపించడానికి అంతకంటే మంచి మోడల్ ఎవరుంటారని ఇప్పుడనిపిస్తుంది. ఆ ఒంటిని చూసి ఎవరూ ఆశపడరు. 'కట్టుకుంటే ఇలా ఉంటాను' అని ఏ ఆడమనిషీ అనుకోదు. కాబట్టి కంటికి మిగిలేది చీర ఒక్కటే: అంచు ఎంత వెడల్పు, కొంగు ఎంత పొడుగు, కుచ్చిళ్లు నిలుస్తాయా జారతాయా. తర్వాత ఆయన దాన్ని తీసి అమ్మ భుజం మీద వేసి అద్దం చూపించేవాడు. అదీ డెమో.

* * *

2010. అక్క పెళ్లి. అప్పటికి ఊళ్లో పెద్ద దుకాణాల్లో పరుపులు తగ్గి అద్దాలు పెరిగాయి. మేం వెళ్లినచోట గుమ్మం దగ్గరే ఒక బొమ్మ ఉంది. ఆరడుగుల ఎత్తు, మనలో ఎవరికీ లేని నడుము, పాలలాంటి రంగు. పిస్తా ఆకుపచ్చ పోచంపల్లి కట్టి ఉంది. కుచ్చిళ్లు కాగితం మడిచినట్టు ఉన్నాయి. వెనకంతా పిన్నులే, కానీ వెనక్కి ఎవరు పోయి చూస్తారు?

పైన ఇంకా ఒక మీసాలాయన మిగిలాడు. ఆయన భుజం మీద వేసి చూపించిన ముదురు మెరూన్ రంగు అమ్మకి నచ్చింది. అక్క మనసు కింద ఉండిపోయింది.

"నాకు గా బొమ్మకు కట్టిన చీరనే కావాలె."

"అది నీకు నప్పదు బిడ్డా," అంది అమ్మ. ఎందుకు నప్పదో చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. అక్కది అమ్మ రంగే, చామనఛాయకి ఇంకాస్త ముదురు. ఆ మాట అక్క చిన్నప్పట్నుంచీ వింటోంది, పసుపు రంగు వద్దని, లేత రంగులు వద్దని. ఆ రోజు మొండికేసింది. బొమ్మ ఒంటి మీదనుంచి విప్పించి మరీ కొనిపించింది.

ఇంటికొచ్చి అద్దం ముందు భుజం మీద వేసుకుంది. అయిదు నిమిషాలు నిలబడింది. మడిచి బీరువాలో పెట్టింది. పెళ్లిలో దాన్ని కట్టలేదు.

ఆ సాయంత్రం అమ్మ దాన్ని తీసి తిప్పి చూసింది. వెనకవైపు రంగు వెలిసినట్టుగా ఉంది. పోచంపల్లి పని, అక్కడివాళ్లు చిటికి అనే పని, బట్ట మీద వేసే అద్దకం కాదు. నేయకముందే పోగుల్ని లెక్క ప్రకారం కట్టి రంగులో ముంచుతారు. డిజైన్ ముందు దారంలో ఉంటుంది, తర్వాత బట్టలోకి వస్తుంది. ఆ లెక్క కోసం ఆసు పోయాలి, ఒక్క చీరకి చెయ్యి దాదాపు తొమ్మిదివేల సార్లు అటూ ఇటూ ఆడాలి. ఆలేరు ప్రాంతం చింతకింది మల్లేశం తన తల్లి భుజం నొప్పి చూడలేక ఆసు యంత్రం తయారుచేసింది అందుకే. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, 2019లో సినిమా వచ్చింది. రంగు దారంలోనే ఉంటుంది కాబట్టి అసలు పోచంపల్లికి ముందూ వెనకా ఒకేలా ఉంటాయి. పూల అంచులు కాస్త చెదిరినట్టు ఉంటాయి. అచ్చు వేసిన నకలుకి గీతలు కత్తిరించినట్టు ఉంటాయి, వెనక పాలిపోయి ఉంటుంది.

పోచంపల్లి ఇకత్‌కి 2004-05లో, డార్జిలింగ్ టీతో పాటు దేశంలో తొలి విడతగా, జీఐ గుర్తింపు వచ్చింది. నకళ్ల బెడదనుంచి కాపాడటం దాని ఉద్దేశాల్లో ఒకటి. కానీ గుర్తింపు కాగితం గుమ్మంలో బొమ్మ పక్కన నిలబడదు. పిన్నులు పెట్టి బిగించిన బొమ్మ మీద అసలుదీ నకలుదీ ఒకేలా కనిపిస్తాయి. ఎందుకంటే తేడా తెలిసే వైపును బొమ్మ తన ఒంటికి ఆనించి దాచుకుంటుంది. ఆ తొమ్మిదివేల సార్లు ఆడిన చెయ్యి ఓడిపోయేది అక్కడ.

* * *

అంటే కొనేవాళ్లు తెలివితక్కువవాళ్లా? అలా అనలేను. 2007లో నిక్ యీ, జెరెమీ బెయిలెన్‌సన్ అని ఇద్దరు పరిశోధకులు మనుషులకి రకరకాల అవతారాలు ఇచ్చి చూశారు. అందమైన అవతారం దొరికినవాళ్లు వర్చువల్ గదిలో ఎదుటివాళ్లకి ఇంకాస్త దగ్గరగా వెళ్లి నిలబడ్డారు. పొడుగాటి అవతారం దొరికినవాళ్లు డబ్బుల పంపకంలో గట్టిగా బేరమాడారు. దీనికి ప్రోటియస్ ఎఫెక్ట్ అని పేరు పెట్టారు. తొడుక్కున్న రూపం మనిషి నడతని కొద్దిగానైనా మారుస్తుంది. మా మేనల్లుడు కోటు వేసుకుని ధైర్యంగా దూకితే దూకవచ్చు. అక్క ఆ రోజు బొమ్మలో చూసింది కూడా అదే అయ్యుంటుంది, ఎవరూ 'నప్పదు' అనని ఒక ఒళ్లు.

దాని రెండో వైపు కూడా చరిత్రలో ఉంది. 1940ల్లో కెనెత్ క్లార్క్, మేమీ క్లార్క్ దంపతులు అమెరికాలో నల్లజాతి పిల్లల ముందు తెల్ల బొమ్మా, నల్ల బొమ్మా పెట్టి ఏది మంచిదని అడిగారు. చాలామంది తెల్ల బొమ్మనే చూపించారు. బడుల్లో జాతి విభజన చెల్లదన్న 1954 నాటి సుప్రీంకోర్టు తీర్పులో ఆ పరిశోధన ప్రస్తావన ఉంది. ఆ పిల్లలకి బొమ్మలు ఏం నేర్పాయో మన గుమ్మాల్లో బొమ్మలూ అదే నేర్పుతూ వచ్చాయి. దుకాణం నిండా వంద రంగుల చీరలు, వాటిని కట్టిన ఒళ్లకి మాత్రం ఒకటే రంగు. ఆ బొమ్మని చూసి చూసి, చీరకి తగ్గట్టు మనం లేమని అనుకోవడం అలవాటైంది. తప్పు బొమ్మదేమోనన్న అనుమానం రాలేదు.

* * *

ఇదంతా మా మేనల్లుడికి ఇంత పొడుగ్గా చెప్పలేదు. అక్క మాత్రం బీరువా తెరిచి ఆ పిస్తా చీర తెచ్చి వాడి ఒళ్లో పడేసింది. ఇన్నేళ్లయినా పారేయలేదు. మడతలు పడినచోట గీతలు తేలాయి.

"మంచిగనే ఉంది కదనే అమ్మా," అన్నాడు వాడు.

"తిప్పి చూడు."

తిప్పాడు. కాసేపు రెండు వైపులూ మార్చి మార్చి చూశాడు. తర్వాత ఫోన్ తీసి, తిన్నె మీద తిరుగుతున్న వీరుణ్ని వేలితో ఆపి, వీపు మనవైపు వచ్చేదాకా తిప్పాడు. కోటు వెనకాల పెద్ద నల్లటి బట్ట తప్ప ఏమీ లేదు.

"ఈపు గింతనేనా," అన్నాడు.

మూడు వందలూ ఇచ్చాను. వాడు ఇంకో అరగంట దుకాణంలోనే గడిపాడు, ఒక్కొక్కర్నీ వెనక్కి తిప్పి చూస్తూ. పక్కన కూర్చుని అక్క కూడా చూసింది. చివరికి ఒకటి చూపించి "గీడు జర నయం" అంది. వీపు మీద గళ్ల గుడ్డ కట్టుకుని ఉన్నాడు, చామనఛాయగా.